సంఖ్యల వరసలు, పజిల్స్: మా పెరంబూరు మిద్దె లెక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై పెరంబూరులో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలు కొందరు చేరతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు. నేను టీచర్ని కాను. రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు మామ్మగారూ అని పిలుస్తారు. వాళ్ళని దింపడానికి వచ్చిన అమ్మానాన్నలు మెట్ల దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే కాబట్టి, జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది ట్యూషనా? మార్కులు పెరుగుతాయా?

ట్యూషన్ కాదు, ఫీజు లేదు. మార్కుల సంగతి నేను హామీ ఇవ్వలేను. కాకపోతే సిబిఎస్ఈ బళ్ళలో 2024 నుంచి చదువుతున్న ఆరో తరగతి లెక్కల పుస్తకం మొదటి అధ్యాయమే ప్యాటర్న్‌ల మీద. కాబట్టి సిలబస్‌లో లేనివి నేర్పిస్తున్నానని మాత్రం అనకండి.

మావాడికి ఎక్కాలే సరిగ్గా రావు. వాడికి పజిల్స్ ఎందుకండీ?

ఎక్కాలు రావడానికే. తొమ్మిదో ఎక్కం జవాబులు ఒకదాని కింద ఒకటి రాయించండి: 09, 18, 27, 36, 45, 54, 63, 72, 81, 90. పదుల స్థానం ఒక్కొక్కటే పెరుగుతోంది, ఒకట్ల స్థానం ఒక్కొక్కటే తగ్గుతోంది. ఇది ఏ పిల్లవాడైనా అర నిమిషంలో పట్టేస్తాడు. అక్కడితో ఆపేస్తే అది ట్రిక్కు. "ఎందుకలా?" అని అడిగితే లెక్క మొదలవుతుంది. తొమ్మిది కలపడమంటే పది కలిపి ఒకటి తీసేయడం, అందుకని పదులు ఒకటి పెరిగి ఒకట్లు ఒకటి తగ్గుతాయి. ఈ మాట వాడంతట వాడు చెప్పేదాకా నేను ఆగుతాను. కొందరికి ఐదు నిమిషాలు చాలు, ఒకడికి మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు వాడికి తొమ్మిదో ఎక్కం మర్చిపొమ్మన్నా మర్చిపోలేడు.

"తర్వాత వచ్చే సంఖ్య ఏది?" అనే లెక్కకు జవాబు ఒక్కటే ఉంటుందా?

ఉండదు. ఈ ఒక్క ప్రశ్న మీదే నేను తల్లిదండ్రులతో ఎక్కువ వాదించాను.

వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతున్న లెక్క ఒకటుంది: 1+4=5, 2+5=12, 3+6=21, అయితే 8+11 ఎంత? ఒకరు 40 అంటారు. ముందు వరస జవాబును ఈ వరసకు కలుపుకుంటూ పోతున్నారు: 5, ఆపైన 5+2+5=12, ఆపైన 12+3+6=21, చివరికి 21+8+11=40. ఇంకొకరు 96 అంటారు. వాళ్ళు రెండు సంఖ్యలనూ గుణించి మొదటిదాన్ని మళ్ళీ కలుపుతున్నారు: 1×4+1, 2×5+2, 3×6+3, 8×11+8. ఇద్దరిదీ రైటే. లెక్క ఇచ్చినవాడు నియమం చెప్పలేదు, అంతే. దీని మీద ఫ్యామిలీ గ్రూపుల్లో బావా బావమరుదులు మాట్లాడుకోవడం మానేసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇంతకన్నా గట్టి ఉదాహరణ కావాలంటే ఒక కంచం బోర్లించి కాగితం మీద గుండ్రం గీయండి. గీత మీద రెండు చుక్కలు పెట్టి కలిపితే లోపల 2 ముక్కలవుతాయి. మూడు చుక్కలు పెట్టి ప్రతి చుక్కనూ మిగతా అన్నిటితో కలిపితే 4. నాలుగు చుక్కలకు 8. ఐదింటికి 16. ఆరింటికి? అందరూ 32 అని అరుస్తారు. గీసి లెక్కపెడితే 31 వస్తుంది. మళ్ళీ లెక్కపెడతారు. మళ్ళీ 31. ఒక అమ్మాయి రబ్బరుతో చెరిపి నాలుగుసార్లు గీసింది, నేను మోసం చేస్తున్నాననుకుంది పాపం.

కారణం ఇదీ: గుండ్రం మొదట ఒక ముక్క. గీసిన ప్రతి గీతా ఒక ముక్కను పెంచుతుంది, రెండు గీతలు లోపల ఖండించుకున్న ప్రతి చోటా ఇంకో ముక్క పెరుగుతుంది. ఐదు చుక్కలకు 1+10+5=16. ఆరు చుక్కలకు 15 గీతలు, 15 ఖండనలు, 1+15+15=31. రెట్టింపు అవుతున్నట్టు మొదట కనిపించింది, అంతే. రెట్టింపు కావడానికి లోపల ఏ కారణమూ లేదు.

ఇంట్లో చేయించేటప్పుడు ఒక జాగ్రత్త. ఆరు చుక్కలను సమాన దూరంలో పెట్టకండి. అలా పెడితే మూడు గీతలు నడిమధ్యలో ఒకేచోట కలుసుకుని 30 వస్తుంది, తర్వాత నాకు ఫోన్ చేస్తారు.

ముగ్గులకూ లెక్కలకూ నిజంగా సంబంధం ఉందా? లేక ఆడపిల్లల్ని కూర్చోబెట్టడానికి చెప్పే మాటా?

మగపిల్లలు కూడా వేస్తారు మా మిద్దె మీద. సంబంధం ఉందా అంటే, మా అమ్మ "ఏడు చుక్కలు, సరి చుక్క, ఒకటి వరకు" అన్నప్పుడు ఆమె ఒక వరస చెబుతున్నట్టే. ఎదురింటి తమిళావిడ పుళ్ళి కోలం, అంటే చుక్కల ముగ్గు, వేసేటప్పుడూ అదే లెక్క.

ఆ ముగ్గునే తీసుకుందాం. అడ్డంగా చుక్కలు 1, 3, 5, 7, 5, 3, 1. కూడితే 25. ఐదు ఐదుల చదరం! పిల్లలు చింతగింజలతో ఆ ముగ్గు పరిచి, అవే గింజలను ఐదేసి చొప్పున ఐదు వరసలుగా సర్దుతారు. ఒక్కటి కూడా మిగలదు. ఇంతవరకు చిన్న వింత.

ఇప్పుడు ముగ్గు చుట్టూ తిరిగి మూల నుంచి, అంటే ఏటవాలుగా చూడమంటాను. అడ్డంగా చూసినప్పుడు కనబడని వరసలు కనిపిస్తాయి: 4, 3, 4, 3, 4, 3, 4. నాలుగు చుక్కల వరసలు నాలుగు, వాటి సందుల్లో మూడు చుక్కల వరసలు మూడు. 16+9=25. పెద్ద తరగతి పిల్లలకు గుర్తొస్తుంది, ఇది లంబకోణ త్రిభుజంలో చూసే 3, 4, 5. రెండు రంగుల గింజలు వాడితే రెండు చదరాలూ విడివిడిగా కనబడతాయి.

తొమ్మిది చుక్కలకు 25+16=41, ఇది చదరం కాదు. పదకొండు చుక్కలకు 36+25=61, ఇదీ కాదు. మళ్ళీ ఎప్పుడు చదరం అవుతుంది? నడుమ 41 చుక్కలు ఉన్నప్పుడు: 21 వర్గం 441, 20 వర్గం 400, కలిపితే 841, అంటే 29 వర్గం. అంత ముగ్గు వేయాలంటే మా వీధి చాలదు.

ఇక సందు చుక్క. ఇందులో ఒక్కొక్క చుక్కే తగ్గుతుంది. "మూడు చుక్కలు, రెండు వరకు" అంటే 2+3+2=7. "ఐదు, మూడు వరకు" అంటే 3+4+5+4+3=19. "ఏడు, నాలుగు వరకు" అంటే 37. ఒంటి చుక్కను కూడా ముగ్గే అనుకుంటే వరస 1, 7, 19, 37. వీటిని ఒకదానికొకటి కలుపుతూ పోండి: 1, 8, 27, 64. అన్నీ ఘనాలే!

ఇక్కడ "ఎందుకు" అన్నదానికి నా దగ్గర మాటలు లేవు, వస్తువు ఉంది. రూబిక్స్ క్యూబ్ తీసుకుని ఒక మూల మీ ముక్కుకు ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. మొత్తం ముక్కల చోట్లు 27. మూల నుంచి మూడు గోడలూ కనిపిస్తాయి, వాటి వెనక దాగినవి 2×2×2, అంటే ఎనిమిది. కనబడేవి 27−8=19. ఐదు నుంచి మూడు సందు చుక్క ముగ్గులో ఉన్నవీ 19. క్యూబు అంచుల గీత చూడండి, ఆరు మూలలు. ముగ్గుకూ ఆరు మూలలే. ఒక పెట్టె మీద ఇంకాస్త పెద్ద పెట్టెలా మూడు గోడలు తొడుగుతూ పోతే ఒక్కో తొడుగూ ఒక్కో ముగ్గు. ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు యాభై ఏళ్ళు దాటాయి. సంక్రాంతికి పదిహేను నుంచి ఎనిమిది ముగ్గు ఎన్నిసార్లు వేసుంటానో! అందులో 169 చుక్కలు, అవి 13 వర్గమని ఎవరూ చెప్పలేదు.

1 నుంచి 100 దాకా కూడే చిట్కా చెబుతారా?

మీ పిల్లలకు యూట్యూబ్ ఇప్పటికే చెప్పేసి ఉంటుంది. మొదటిదీ చివరిదీ కలిపితే 101, అలాంటివి 50 జతలు, మొత్తం 5050. నేను చేసేదల్లా "1 నుంచి 99 దాకా అయితే?" అని అడగడం. 50 కి జత దొరకక సగం మంది ఆగిపోతారు. వరసను తిరగేసి కింద రాసుకుంటే 99 జతలు, ఒక్కోటి 100, అందులో సగం 4950. జత లేదన్న బాధ ఉండదు.

ఫిబొనాచ్చి సంఖ్యలు ఇటలీవి కదా, మన ఛందస్సు అని ఎందుకంటారు?

1, 2, 3, 5, 8 అంటూ ముందు రెండిటినీ కలుపుతూ పోయే ఈ వరసను ఇటలీలో లియొనార్డో ఫిబొనాచ్చి 1202 లో కుందేళ్ళ లెక్కగా రాశాడు. మన దగ్గర విరహాంకుడు అంతకన్నా కొన్ని వందల ఏళ్ళ ముందు, హేమచంద్రుడు 1150 ప్రాంతంలో, పద్యాల మాత్రలు లెక్కపెడుతూ ఇదే వరస చెప్పారు. గొప్పలకు పోవడానికి చెప్పడం లేదు. కుందేళ్ళ కథ కన్నా మాత్రల లెక్క పిల్లలకు తొందరగా అర్థమవుతుంది, అందుకు చెబుతాను.

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. చప్పట్లతో చేయిస్తాను: లఘువుకు పొట్టి చప్పట్లు, గురువుకు సాగదీసినవి. రెండు మాత్రలు ఎన్ని రకాలుగా నింపగలం? రెండు. మూడు మాత్రలు? మూడు. నాలుగు మాత్రలు? ఐదు: గురువు-గురువు, గురువు-లఘువు-లఘువు, లఘువు-గురువు-లఘువు, లఘువు-లఘువు-గురువు, నాలుగు లఘువులు. ఇంట్లో పద్యాలు చదివిన తాతగారుంటే ఈ ఐదింటినీ చూపించండి, వెంటనే గగ, భ, జ, స, నల అంటారు. కంద పద్యంలో వాడే గణాలు సరిగ్గా ఇవే! నాలుగు మాత్రలతో ఇంకో గణం కుదరదు గనుకే అవి ఐదు.

మా మిద్దె మెట్లు మలుపు దాకా పది. ఒక్కో మెట్టుగానో, రెండేసి మెట్లుగానో ఎక్కితే ఎన్ని రకాలుగా ఎక్కవచ్చు? ఇదీ అదే లెక్క. ఆఖరి అడుగు ఒకటైతే అంతకుముందు తొమ్మిది మెట్లెక్కి ఉండాలి, రెండైతే ఎనిమిది. అందుకని తొమ్మిదికి వచ్చినదీ ఎనిమిదికి వచ్చినదీ కలిపితే పదికి వస్తుంది: 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55, 89. 89 రకాలూ ఎక్కి చూస్తామన్నారు పిల్లలు. కింది వాటావాళ్ళు ఒప్పుకోలేదు.

1729 సంగతి అందరికీ తెలిసిందే కదా, ఇంకా ఏముంది?

తెలిసిన సంగతి రెండు ముక్కల్లో: ఇంగ్లండులో ఆసుపత్రిలో ఉన్న రామానుజన్‌ను చూడ్డానికి వచ్చిన గణితవేత్త హార్డీ, తాను ఎక్కివచ్చిన టాక్సీ నంబరు 1729 చప్పగా ఉందన్నాడు. కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయగల సంఖ్యల్లో అదే అన్నిటికన్నా చిన్నది అన్నాడు రామానుజన్: 1+1728, 729+1000.

మన ఊళ్ళో చెప్పుకోవాల్సింది వేరే ఉంది. ఆయన 1912 మార్చి 1 న మద్రాసు పోర్టు ట్రస్టులో అకౌంట్స్ గుమాస్తాగా చేరారు, నెలకు 30 రూపాయల జీతం. అకౌంట్స్‌లో పనిచేసినదాన్ని కాబట్టి నాకు ఆ ముక్క చెప్పుకోవడం ఇష్టం. హార్బరుకు దగ్గరలోనే రాయపురంలో రామానుజన్ మ్యూజియం ఉంది. పీ.కే. శ్రీనివాసన్ అనే లెక్కల మాస్టారు 1993 లో పెట్టారు. ప్యాటర్న్‌లతో బీజగణితం నేర్పవచ్చని ఊరూరా తిరిగి చెప్పినాయన. వెళ్ళేముందు తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్ళండి.

ఇక 1729 లో కొత్తది ఏముందో కింది ప్రశ్నలో.

కాప్రేకర్ స్థిరాంకం అంటే ఏమిటి?

6174. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కాప్రేకర్ 1949 లో దీని గురించి చెప్పారు. ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోండి, నాలుగూ ఒకే అంకె కాకూడదు. అంకెలను పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి రాసి తీసివేయండి. వచ్చినదానితో మళ్ళీ అదే పని. ఎక్కువలో ఎక్కువ ఏడు తీసివేతల్లో 6174 దగ్గరికి చేరుతుంది, ఆ తర్వాత కదలదు: 7641−1467=6174.

రామానుజన్ పుట్టిన 1887 తో మొదలుపెడితే 7083, 8352, 6174. మూడే మెట్లు. 1947 తో ఐదు. 1729 తో చేయండి: 8442, 5994, 5355, 1998, 8082, 8532, 6174. ఏడు! అంతకన్నా ఎక్కువ పట్టే సంఖ్యే లేదు. చప్పటి నంబరు ఇక్కడ కూడా చప్పగా లేదు.

సున్నాను మర్చిపోకూడదు. 7083 అంకెలను చిన్న నుంచి పెద్దకు రాస్తే 0378, అది మూడంకెల సంఖ్యే గానీ స్థానం వదలకూడదు. తప్పుల్లో ముప్పాతిక ఇక్కడే జరుగుతాయి.

ఇవన్నీ బతుకులో ఎక్కడ పనికొస్తాయి?

పాల లెక్కలో. నిజంగానే చెబుతున్నాను. ఒక నెల నేను రాసుకున్న మొత్తానికీ కొట్టు అతని మొత్తానికీ 63 రూపాయల తేడా వచ్చింది. 63 తొమ్మిదితో పోతుంది, ఏడుసార్లు. అకౌంట్స్‌లో మాకు మొదటి వారమే నేర్పేవాళ్ళు: తేడా తొమ్మిదితో భాగమైతే ముందు అంకెలు తారుమారయ్యాయేమో వెతుకు. రెండంకెల మధ్య తేడా 7 ఉన్న చోటు వెతికితే, 18 రాయాల్సిన చోట 81 ఉంది. రాసింది నేనే. కొట్టు అతనితో అప్పటికే ఒక విడత గొడవపడి వచ్చాను, మళ్ళీ వెళ్ళి ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఎందుకు తొమ్మిది? 81 అంటే 8 పదులు, 1 ఒకటి. తిరగేస్తే 8 పదుల నుంచి ఒకట్లకు దిగింది, ఒక్కో పదికీ 9 చొప్పున పోయాయి. 1 ఒకట్ల నుంచి పదులకు ఎక్కింది, 9 వచ్చాయి. ఎటు చూసినా తొమ్మిదులే. కాప్రేకర్ తీసివేతల్లో వచ్చే ప్రతి జవాబూ తొమ్మిదితో పోయేది కూడా ఇందుకే. 6174 తొమ్మిది 686 లు.

పుట్టినరోజుకు మాయా చదరం చేసిస్తారట?

నేను చేయను, పిల్లలే చేస్తారు. తేదీ, నెల, సంవత్సరంలో మొదటి రెండంకెలు, చివరి రెండంకెలు వరసగా క, చ, ట, ప అనుకోండి.

క, చ, ట, ప
ప+1, ట−1, చ−3, క+3
చ−2, క+2, ప+2, ట−2
ట+1, ప−1, క+1, చ−1

2013 మార్చి 5 న పుట్టిన పిల్లకు:

5, 3, 20, 13
14, 19, 0, 8
1, 7, 15, 18
21, 12, 6, 2

అడ్డం, నిలువు, ఐమూల, ఎటు కూడినా 41. ప్రతి వరసలోనూ నాలుగు అక్షరాలూ ఒక్కోసారి వస్తాయి, కలిపినవీ తీసినవీ ఒకదానికొకటి చెల్లిపోతాయి, అదే కిటుకు. జనవరిలో పుట్టినవాళ్ళకు చదరంలో −2 వస్తుంది. ఏడవనక్కర్లేదు, కూడితే సరిపోతుంది.

ఏ భాషలో చెబుతారు? మా అమ్మాయికి తెలుగు సంఖ్యలు ముప్పై దాటి రావు.

మూడు భాషలూ కలిపే. అది కూడా ఒక పజిలే. తమిళంలో 90 ని తొణ్ణూఱు అంటారు, అందులో నూరు ఉంది. 900 తొళ్ళాయిరం, అందులో వెయ్యి. 9 ఒన్బదు, అందులో పది! తొమ్మిదితో వచ్చే ఈ మాటలన్నిట్లో పై మెట్టు పేరు దాక్కుంది. తెలుగులో తొమ్మిది, తొంభై, తొమ్మిది వందలు. మనది ఆ లెక్కన వేరే దారి. ఇది మా మిద్దె మీద ఒక తమిళ అబ్బాయి కనిపెట్టాడు.

పిల్ల చిక్కుకుపోయి ఏడుస్తుంటే జవాబు చెప్పేయవచ్చా?

చెప్పకండి, లెక్క చిన్నది చేయండి. పది మెట్లు రాకపోతే మూడు మెట్లు అడగండి. అప్పటికీ టెన్షన్ పడుతుంటే పుస్తకం మూసి టిఫిన్ పెట్టండి. పక్కింటి పిల్ల ముందే చేసేసిందని మాత్రం అనొద్దు.

పోటీ పరీక్షలకు పంపవచ్చా?

పిల్లకు ఇష్టమైతే. అసోసియేషన్ ఆఫ్ మ్యాథమెటిక్స్ టీచర్స్ ఆఫ్ ఇండియా మన చెన్నై సంస్థే, 1965 నుంచి ఉంది. వాళ్ళ టాలెంట్ పరీక్షలో ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళకు సబ్ జూనియర్ విభాగం ఉంటుంది. బడి ద్వారా కనుక్కోండి.

ఎవరికీ జవాబు తెలియని లెక్కలు కూడా పిల్లలకు ఇస్తారా?

ఇస్తాను, కానీ ముందే చెప్పి ఇస్తాను. ఏదైనా సంఖ్య తీసుకో, సరి సంఖ్యయితే సగం చెయ్యి, బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలుపు, వచ్చినదానితో మళ్ళీ అదే పని. 7 తో మొదలుపెడితే పదహారు మెట్లలో 1 కి వస్తుంది. 27 కి 111 మెట్లు, మధ్యలో 9232 దాకా ఎగిరి దిగుతుంది. ప్రతి సంఖ్యా ఒకటికి చేరుతుందా అన్నది ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. కొలాట్జ్ లెక్క అంటారు.

ముందే చెప్పకుండా ఇచ్చింది ఒక్కసారే, అదీ పొరపాటున. సంఖ్యను తిరగేసి కలుపుతూ పోతే చాలా సంఖ్యలకు ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్య వస్తుంది. 195 కి నాలుగే మెట్లు: 786, 1473, 5214, 9339. 89 కి 24 మెట్లు పట్టి 8813200023188 వస్తుంది. ఆ రోజు బోర్డు మీద 195 రాయబోయి 196 రాసి, కాఫీ పెట్టడానికి కిందికి వెళ్ళాను. కంప్యూటర్లతో కోట్ల అంకెల దాకా వెళ్ళినా 196 కి అలాంటి సంఖ్య దొరకలేదు. పైకి వచ్చేసరికి ఆరో తరగతి అబ్బాయి ఒకడు రెండు కాగితాలు నింపేసి, మూడోది అడుగుతున్నాడు.